పుస్తక సంరక్షణ శిక్షణ: ఎనిమిది వారాలా, ఆరు నెలలా, రెండేళ్లా?

గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో పనిచేస్తూ పాత కాగితాన్ని, తాటాకును కాపాడటం నేర్చుకోవాలంటే ముందు కనబడే దారులు మూడు. ఢిల్లీలో పాత ప్రభుత్వ దస్త్రాలను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ వారి ఎనిమిది వారాల కోర్సు, లక్నోలో ఎన్‌ఆర్‌ఎల్‌సీ (సాంస్కృతిక సంపద సంరక్షణకు జాతీయ పరిశోధన ప్రయోగశాల) వారి ఆరు నెలల శిక్షణ, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ వారి రెండేళ్ల సంరక్షణ ఎం.ఏ. దరఖాస్తు నింపే ముందు మీ బీరువాల్లో ఏముందో చూసుకోండి. ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

బీరువాల నిండా అచ్చు పుస్తకాలు, రిజిస్టర్లు, దస్తావేజులు ఉంటే ఢిల్లీయే మేలు. అక్కడ ధ్యాసంతా కాగితం మీదే. కాగితాన్ని పెళుసుబార్చే ఆమ్లం తీయడం, చిరుగులు అతకడం, పేజీ మీద పల్చని టిష్యూ కాగితం వేయడం, షిఫాన్ గుడ్డ అతికించడం, బైండింగ్ అన్నీ చేతికి అలవాటు కావలసిన పనులు. ఆమ్లం తీయడమే చూడండి: 0.15 శాతం కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 20 నిమిషాలు, ఆ తర్వాత కాల్షియం బైకార్బనేట్‌లో మరో 20 నిమిషాలు. వినడానికి ఇంతే. పేజీ మీదున్న ప్రతి సిరాకూ, ప్రతి రబ్బరు స్టాంపుకూ ముందుగా ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క ద్రావణం వేసి బ్లాటింగ్ కాగితంతో అద్ది చూడకపోతే మాత్రం అక్షరాలు అలుక్కుపోతాయి, మళ్లీ రావు.

జిగురు సంగతీ అంతే. ఒక పాలు గోధుమ స్టార్చికి ఐదు పాళ్లు నీళ్లు పోసి, సన్నని సెగ మీద కలుపుతూ ఉడికించి, వడకట్టి, పని చేసేటప్పుడు పల్చన చేసుకోవాలి. చిక్కగా పూస్తే పేజీ అట్టలా బిగుసుకుంటుంది, పురుగుకు మేత అవుతుంది. మరీ నీళ్లగా పూస్తే తడి పాకి అంచున మరక కడుతుంది. టిష్యూలో నారలు సాగే దిశ, పేజీలో నారలు సాగే దిశ కలవకపోతే ఆరాక పేజీ చుట్టుకుపోతుంది. ఈ తేడాలు వేళ్లకు తెలియాలి. పక్కన నిలబడి తప్పు చూపించేవారు లేకుండా అవి పట్టుబడవు.

సెల్యులోజ్ అసిటేట్ అనే పల్చని పారదర్శక పొరను వేడి లేకుండా అసిటోన్‌తో అంటించే లామినేషన్ కూడా నేషనల్ ఆర్కైవ్స్‌లో రూపొందిందే. దాన్ని తప్పక తెలుసుకోండి, పాత దస్త్రాల్లో ఆ పొర కనబడుతూనే ఉంటుంది. విలువైన ప్రతి మీద కొత్తగా వేయకండి. కాలం గడిచాక దాన్ని ఊడదీయడం ప్రాణం మీదికొస్తుంది.

మీది మ్యూజియమైతే, కాగితంతో పాటు కంచు, కర్ర, రంగుల చిత్రాలు, బట్ట కూడా ఉంటే లక్నో నయం. 1976లో మొదలైన ఈ ప్రయోగశాలలో పదార్థం ఎందుకు చెడుతోందో పరీక్షించి, ఆ తర్వాతే చికిత్స చేసే పద్ధతి అలవడుతుంది. కాగితానికి దక్కేది మొత్తం కాలంలో ఒక భాగమే, అదే లోటు. పైగా ఆరు నెలల సెలవు దొరకాలి. మైసూరులో దీని ప్రాంతీయ ప్రయోగశాల ఉంది. మనవాళ్లకు అది దగ్గర కాబట్టి అక్కడ ఏదైనా వర్క్‌షాపు ప్రకటిస్తే వదులుకోవద్దు.

నోయిడా ఎం.ఏ. సంరక్షణనే వృత్తిగా తీసుకునే యువతకు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి నలభై దాటినవారికి దాన్ని సిఫారసు చేయం.

తాళపత్రాలది వేరే లెక్క. హైదరాబాద్‌లోనూ తిరుపతిలోనూ పెద్ద సేకరణలున్నా, కాగితం కోర్సు చేసిన చెయ్యి తాటాకు దగ్గర తడబడుతుంది. గంటంతో గీసిన అక్షరమైతే ఆల్కహాల్, నీరు కలిపి దూదితో మెత్తగా తుడిచి, గీతల్లో అక్షరం కనబడేలా మసి మళ్లీ పూయవచ్చు. సిరాతో రాసినదైతే అదే తుడుపుతో రాత మొత్తం పోతుంది. నిమ్మగడ్డి నూనె ఆకును మెత్తబరుస్తుంది గానీ, ఎక్కువైతే దుమ్ము పట్టి నల్లబడుతుంది. దీనికి లిఖిత ప్రతుల గ్రంథాలయాలు నడిపే నాలుగైదు రోజుల వర్క్‌షాపులే మేలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, అక్కడా అడిగి చూడండి.

ఎక్కడ చేరినా ముందు అడగాల్సినవి రెండు: రోజుకు ఎన్ని గంటలు చేతిపని ఉంటుంది? ఆ పని నిజమైన పాత పేజీల మీదా, పనికిరాని కాగితాల మీదా? జవాబు సూటిగా రాకపోతే ఆ కోర్సు మానుకోండి.