హఫ్స్ తర్వాత ఏది మేలు: షుఅబానా, వర్షా?

మన మసీదుల్లో, మదరసాల్లో వినిపించేది హఫ్స్ రివాయత్, అంటే ఖుర్ఆన్‌ను గురువు దగ్గర నేర్చుకుని హఫ్స్ అందించిన పఠన పద్ధతి. షుఅబా, వర్ష్ కూడా అలాంటివే, అందించినవాళ్ల పేర్లతోనే పిలుస్తారు. అది గట్టిగా పట్టుబడ్డాక రెండోది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు షుఅబా తేలికగా కనిపిస్తుంది. నేను మాత్రం వర్షే ముందు అంటాను.

హఫ్స్, షుఅబా ఇద్దరూ ఇరాక్‌లోని కూఫాలో ఖుర్ఆన్ పఠనం నేర్పిన ఆసిమ్ (మరణం 745) శిష్యులే. హఫ్స్ అయితే ఆసిమ్ భార్యకు మొదటి భర్త వల్ల పుట్టినవారు, ఆ గురువు చేతుల్లోనే పెరిగారు. ప్రవక్త సహచరుల్లో హజ్రత్ అలీ నుంచి వచ్చిన పాఠం హఫ్స్‌కూ, ఇబ్నె మస్ఊద్ నుంచి వచ్చింది షుఅబాకూ ఆసిమ్ నేర్పారని చెబుతారు. అందుకే రెండింటి పద్ధతి చాలావరకు ఒకటే, తేడాలు విడివిడి మాటల్లో ఉంటాయి. చిక్కు కూడా అక్కడే. నాలుక హఫ్స్‌కు అలవాటు పడి ఉంటుంది కాబట్టి, షుఅబా చదువుతూ చదువుతూ తెలియకుండానే పాత దారిలోకి జారిపోతాం. రెండూ కలిసిపోతే అది ఏ గురువు పాఠమూ కాదు.

వర్ష్ ఈజిప్టు మనిషి. మదీనా వెళ్లి అక్కడి పఠన గురువు నాఫి (మరణం 785) దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు మొరాకో, అల్జీరియాల్లో ఆయన రివాయతే నడుస్తోంది. ఇందులో పద్ధతే వేరు. మద్ (అచ్చును సాగదీయడం) ఆరు హరకత్‌ల (హరకత్ అంటే ఒక పొట్టి అచ్చు పలికేంత సేపు) దాకా సాగుతుంది, దమ్ము సరిపోక మొదట్లో టెన్షన్ పడతాం. 'ముఅ్‌మినూన్' 'మూమినూన్' అవుతుంది. 'వద్దుహా' సూరాలో ఆయతుల చివరి 'ఆ' కాస్త 'ఏ' వైపు వంగుతుంది.

పిల్లలకు కూడా వచ్చిన ఇఖ్లాస్ సూరా చివరి మాటలే చూడండి. హఫ్స్ 'కుఫువన్ అహద్', షుఅబా 'కుఫుఅన్ అహద్', వర్ష్ 'కుఫుఅనహద్'. మూడోదాంట్లో 'అహద్' మొదటి హమ్జా (గొంతులో చిన్న ఆపు) పోయి, దాని అచ్చు ముందున్న 'న్' మీదికి వచ్చింది. నోరు కొత్తగా తిరగాల్సిందే, అందుకే పాతదానితో కలవడం తక్కువ.

ముస్‌హఫ్ (ఖుర్ఆన్ ప్రతి) కూడా వర్ష్‌దే విడిగా పెట్టుకోండి. హఫ్స్‌లో 6,236 ఆయతులు, వర్ష్ ముస్‌హఫ్‌లలో సాధారణంగా 6,214. పాఠం అదే, ఆయతు ఎక్కడ ఆగుతుందన్న లెక్క వేరు. ఫాతిహాలో బిస్మిల్లాహ్‌ను కూఫా వాళ్లు మొదటి ఆయతుగా లెక్కిస్తారు. మదీనా వాళ్లు లెక్కించరు, చివరి ఆయతును రెండు చేస్తారు.

ఉస్తాద్ ఎదురుగా కూర్చోకుండా, ఆడియో విని ఏదీ నేర్చుకోవద్దు. మన దగ్గర నమాజు చదివించేటప్పుడు మాత్రం హఫ్సే చదవండి. ఫాతిహాలో 'మాలికి' బదులు వర్ష్‌లోలా 'మలికి' అన్నారంటే, వెనక వరసలోని పెద్దాయన తప్పనుకుని వెంటనే లుఖ్మా ఇస్తారు, అంటే వెనక నుంచి సరిదిద్దుతారు. ఆయన నేర్చుకున్నదాన్ని బట్టి అది ఆయన బాధ్యతే.