బోరు నీళ్లతో ఈతకొలను: పోరంకిలో కొన్నేళ్ల వాడకం తరువాత

విజయవాడ దగ్గర పోరంకిలో మా ఇంటి వెనుక స్థలంలో 2021లో ఈతకొలను కట్టించుకున్నాము. పొడవు 24 అడుగులు, వెడల్పు 12 అడుగులు, లోతు ఒక చివర మూడున్నర, మరో చివర అయిదు అడుగులు. నిండా పెడితే సుమారు 35 వేల లీటర్లు పడతాయి. కట్టుబడి సంగతులు చెప్పడానికి మేస్త్రీలు, ఇంజినీర్లు ఉన్నారు కనుక వాటి జోలికి పోను. పంపు, ఫిల్టరు, మందులు, శుభ్రం చేసే సామాను ఇన్నేళ్లలో ఎలా పని చేశాయన్నదే ఇక్కడ రాస్తున్నాను. మన ప్రాంతంలో కొలను నీటి బాగోగులను తేల్చేవి రెండే: మనం నింపే బోరు నీళ్లు, పైన కాసే ఎండ. ఈ రెండింటికీ తట్టుకోలేని పరికరం ఎంత ఖరీదైనదైనా దండగే అన్నది నా అభిప్రాయం.

మొదట పంపు, ఫిల్టరు. కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషనులో ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, 500 మిల్లీమీటర్ల ఇసుక ఫిల్టరు ఉన్నాయి. మేము పట్టుబట్టి మోటారును ముప్పాతిక హెచ్‌పీకి తగ్గించి, ఫిల్టరును 600 మిల్లీమీటర్లకు పెంచుకున్నాము. మోటారు పెద్దదైతే నీళ్లు త్వరగా తేటపడతాయని చాలామంది అనుకుంటారు. కొలనులోని నీరంతా ఆరు గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరిగి రావాలంటే గంటకు ఆరు వేల లీటర్లు పారితే చాలు. అంతకు ఎన్నో రెట్లు వేగంగా తోస్తే నీరు ఇసుకను చీల్చుకుని దారి చేసుకుంటుంది, సన్నటి మట్టి ఇసుకలో చిక్కకుండా తిరిగి కొలనులోకే వస్తుంది. చిన్న మోటారు, పెద్ద ఫిల్టరు అన్న ఈ జోడీ మీద నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఆరు యూనిట్ల పైచిలుకు కాలుతుంది. ఒకసారి వైండింగు కాలిపోయినప్పుడు ఆటోనగర్‌లో చుట్టించుకుని తెచ్చి బిగించాము. విడిభాగాల కోసం వేరే రాష్ట్రానికి పార్సెలు కట్టాల్సిన మోటారు అయితే, ఆ ఎండల్లో పంపు ఆగిన కొలను వారం తిరక్కుండా పచ్చబడి ఉండేది.

ఫిల్టరు తల మీద ఉండి నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వును మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పంపు ఆపకుండా దాని పిడి తిప్పితే లోపల చక్రం ఆకుల ఆకారంలో ఉండే రబ్బరు గాస్కెట్ లేచిపోతుంది, చిరుగుతుంది. ఆ తరువాత పిడి ఫిల్టరు స్థానంలో ఉన్నా నీళ్లు డ్రైనేజీ గొట్టంలోకి సన్నగా కారుతూనే ఉంటాయి, కొలను ఎక్కడో కారుతోందని ఇంట్లో అందరూ టైల్స్ సందులు వెతుకుతారు. గేజి మీద శుభ్రమైన ఇసుకతో చూపే ఒత్తిడిని ఫిల్టరు మీదే మార్కరుతో రాసి పెట్టుకున్నాను. అది చదరపు సెంటీమీటరుకు అరకిలో పెరిగినప్పుడే ఇసుకలో నీటిని ఎదురు దిశలో పారించి వెనక్కి కడుగుతాము. గాజు గొట్టంలో నీరు తేటపడే దాకా రెండు మూడు నిమిషాలు బ్యాక్‌వాష్, ఆ తరువాత ఇసుకలో మిగిలిన మురికి కూడా బయటికే పోయేలా అర నిమిషం రిన్స్. ఈ రెండోది వదిలేసినవారు, పంపు వేసిన మరుక్షణం ఇన్‌లెట్ నుంచి గోధుమరంగు పొగలాంటి మట్టి కొలనులోకి రావడం చూసే ఉంటారు.

ఇక అసలు విషయం నీళ్లు. మా బోరు నీటిలో క్షారత, అంటే పీహెచ్ మార్పును అడ్డుకునే గుణం, 300 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పైన ఉంటుంది, సున్నం వల్ల వచ్చే కఠినత్వం కూడా తక్కువేమీ కాదు. కొలనుకు క్షారత 80 నుంచి 120 మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంటే మేలు. క్షారత ఎక్కువగా ఉన్న నీటిలో పీహెచ్ ఎంత దించినా మళ్లీ పైకే పోతుంది. పీహెచ్ 7.5 వద్ద నీటిలోని క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది, 8కి చేరితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే మందు డబ్బాలు తెచ్చి పోస్తున్నా అందులో చాలా భాగం ఊరికే నీటిలో ఉంటుంది. కనుక మా ఇంట అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన సరుకు, అన్నిటికంటే చవకైన హైడ్రోక్లోరిక్ యాసిడ్. 35 వేల లీటర్ల నీటిలో క్షారత 10 పీపీఎం తగ్గాలంటే 30 శాతం పైన గాఢత ఉన్న యాసిడ్ సుమారు ముప్పావు లీటరు పడుతుంది. కొత్తగా నింపినప్పుడు అంతా ఒక్కరోజులో పోయకుండా, పంపు నడుస్తుండగా లోతైన వైపు కొద్దికొద్దిగా, రెండు మూడు వారాల మీద దించుకు రావాలి. బకెట్‌లో ముందు నీళ్లు, తరువాత యాసిడ్. ఈ వరస ఎప్పుడూ తప్పకూడదు.

వాస్తుకో అందానికో కొలను గట్టు మీద జలపాతం పెట్టించుకునేవారికి ఇక్కడే ఒక మాట. నీరు అలా గాలిలో చిందినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. మా ఇంటి జలపాతం చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే పారుతుంది.

వేసవిలో మరో చిక్కు ఉంది. రోహిణి కార్తెలో వడగాలి కొట్టే రోజుల్లో నీటిమట్టం రోజుకు సెంటీమీటరుకు దగ్గరగా తగ్గుతుంది. మా కొలను వైశాల్యానికి ఒక సెంటీమీటరు అంటే 270 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, సున్నం కొలనులోనే మిగులుతుంది, దాని మీద మళ్లీ బోరు నీరు పోస్తాము. మే నెలాఖరుకు నీటి అంచున టైల్స్ మీద తెల్లటి పొర గోటికి గరుకుగా తగులుతుంది. దాన్ని ఇనుప పీచుతో రుద్దితే టైల్ మీద గీతలు పడతాయి, పీచు తునకలు అడుగుకు చేరి తుప్పు మరకలవుతాయి. పలుచని యాసిడ్‌లో ముంచిన నైలాను బ్రష్షు సరిపోతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. నీళ్లు నిజంగా ఆవిరవుతున్నాయా, కారుతున్నాయా అన్న అనుమానం వస్తే, కొలను మెట్టు మీద నీళ్లు నింపిన బకెట్ పెట్టి, లోపలా బయటా నీటిమట్టం దగ్గర గీత గీసి, మర్నాడు చూస్తే చాలు. రెండు గీతల నుంచీ ఒకే మేర తగ్గితే ఆ నీరు ఎండకు పోయినట్టు.

క్లోరిన్ దగ్గర దుకాణదారు చెప్పేదానికీ కొలను చెప్పేదానికీ తేడా ఎక్కువ. మన ఎండకు నీటిలో రక్షణ లేని క్లోరిన్ మిట్టమధ్యాహ్నం గంట రెండు గంటల్లోనే చాలా మటుకు విరిగిపోతుంది. దాన్ని కాపాడేది సయనూరిక్ యాసిడ్, అది 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు. అందరూ అమ్మే టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్) బిళ్లల్లో క్లోరిన్‌తో పాటు ఇదీ ఉంటుంది. సౌకర్యం దానిదే, ప్రమాదమూ దానిదే. 200 గ్రాముల బిళ్ల ఒకటి కరిగితే మా కొలనులో క్లోరిన్ 5 పీపీఎం చేరుతుంది, సయనూరిక్ యాసిడ్ 3 పీపీఎం చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, రెండోది పోదు. వారానికి మూడేసి బిళ్లలు వేస్తూ పోతే వేసవి గడిచేసరికి అది 100 దాటుతుంది. అప్పుడు కిట్టులో క్లోరిన్ నిక్షేపంగా కనబడుతుంది, గోడలు మాత్రం జారుడుగా తగులుతాయి. సర్వీసుకు వచ్చే కుర్రాడు "సార్, పాచి మందు పోద్దాం" అంటాడు. ఆ మందుతో పని లేదు, కొంత నీరు తీసి కొత్త నీరు పోయడమే మార్గం. అందుకని మేము ఏడాదిలో మొదటి రెండు నెలలు మాత్రమే బిళ్లలు వాడి, తరువాత పొద్దుగూకాక ద్రవ క్లోరిన్ పోస్తున్నాము. ద్రవ క్లోరిన్ ఎండలో ఉంచితే బలం తగ్గిపోతుంది కనుక ఒకేసారి ఎక్కువ డబ్బాలు కొనము. కాల్షియం హైపోక్లోరైట్ పొడి బలమైనదే గానీ అప్పటికే సున్నం ఎక్కువైన నీటికి ఇంకాస్త సున్నం కలుపుతుంది. ఆ పొడిని టీసీసీఏ బిళ్లలతో ఎప్పుడూ కలపకూడదు, ఒకటి కొలిచిన తడి చెంచాను రెండోదాంట్లో పెట్టకూడదు. రెండూ కలిస్తే మంట, పేలుడు రెండూ జరగవచ్చు.

నీటి పరీక్ష కిట్టు కొనేటప్పుడు పసుపు రంగు వచ్చేది కాకుండా గులాబీ రంగు వచ్చే డీపీడీ రకం తీసుకోవాలి. పసుపు రంగుది మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది, చెమట, మూత్రాలతో కలిసి పనికిరాకుండా పోయినదాన్ని కూడా లెక్కలో వేస్తుంది. ఈతకొలనులో ముక్కుకు ఘాటుగా తగిలేది ఆ కలిసిపోయిన క్లోరినే, కనుక వాసన వచ్చిందంటే మందు ఎక్కువైందని కాక చాలలేదని అర్థం చేసుకోవాలి. కిట్టులోని పరీక్ష గొట్టాన్ని మోచేతి లోతు నుంచి నింపి, ఎండలో కాకుండా నీడలో తెల్లగోడకు ఎదురుగా పట్టి చూస్తాను. షాక్ ఇచ్చిన, అంటే క్లోరిన్ ఒకేసారి ఎక్కువ మోతాదులో పోసిన రాత్రి డీపీడీ చుక్కలు వేసినా నీరు తెల్లగానే ఉంటే క్లోరిన్ లేదనుకుని మళ్లీ పోయకూడదు. క్లోరిన్ మరీ ఎక్కువైనప్పుడు ఆ రంగును అదే తినేస్తుంది. పీహెచ్ చుక్కలు కూడా అప్పుడు ఊదారంగుకు తిరిగి మోసం చేస్తాయి. చుక్కల సీసాలు పంపుల గదిలో ఉంచితే ఒక్క వేసవికే పాడైపోతాయి, ఇంట్లో బీరువాలో ఉండాలి.

గుంటూరులో అమరావతి రోడ్డు వైపు మా బావగారి ఇంట ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే యంత్రం ఉంది. మందు డబ్బాలు మోయాల్సిన పని లేదని ఆయన మొదట్లో సంతోషించారు. యంత్రానికి నీటిలో ఉప్పు 3,000 నుంచి 4,000 పీపీఎం దాకా కావాలి, తయారీలో పీహెచ్ కూడా పెరుగుతూ పోతుంది. వారి బోరు నీళ్లలోని సున్నం, యంత్రంలో క్లోరిన్ పుట్టే సెల్ పలకల మీద పేరుకుపోయి, తరచు విప్పి యాసిడ్‌లో నానబెట్టాల్సి వస్తోంది. మెత్తని నీరు దొరికే చోట అది మంచి పరికరం, మన దగ్గర నేను సిఫారసు చేయను.

అడుగు శుభ్రం చేసే రోబో మా అబ్బాయి పట్టుదల మీద వచ్చింది. గోడలెక్కి మరీ రుద్దుతుంది, పని బాగుంది. రెండో వేసవిలో దాని మోటారులోకి నీరు పోయింది, బాగుచేయించడానికి హైదరాబాదు పంపితే నెల దాటాక వచ్చింది. అన్నాళ్లూ పాత పొడుగు కర్ర, గొట్టం, వాక్యూమ్ పలకతోనే గడిచింది, మరీ అంత తేడా తెలియలేదు. మట్టి ఎక్కువగా ఉన్నప్పుడు వాల్వును వేస్టు స్థానంలో, అంటే నీరు ఫిల్టరులోకి పోకుండా నేరుగా బయటికి పోయేలా పెట్టి లాగితే ఫిల్టరు మీద భారం పడదు. మాఘం, ఫాల్గుణాల్లో పక్కింటి వేపచెట్టు ఆకు రాల్చేటప్పుడు, ఉగాదికి దాని పూత రాలేటప్పుడు ఏ రోబో అయినా పది నిమిషాల్లో ఊపిరాడక ఆగిపోతుంది. ఆ రోజుల్లో లోతైన సంచి ఉన్న వల, నీటి పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్టను రెండు పూటలా దులపడం తప్పవు. బుట్టలో చేయి పెట్టేముందు ఒకసారి తొంగి చూడాలి, వానాకాలంలో అందులో కప్పలుంటాయి.

వానాకాలం కొలనుకు మంచి చేస్తుంది, భయమూ పెడుతుంది. వాన నీటిలో సున్నం ఉండదు, సయనూరిక్ యాసిడ్ ఉండదు. తొలి రెండు వానల్లో డాబా మీది దుమ్ము, పక్షుల రెట్టలు కొట్టుకుపోయాక డాబా నీరు దిగే గొట్టాన్ని వల గుడ్డ గుండా కొలనులోకి తిప్పి, ఎక్కువైన పాత నీటిని వేస్టు వైపు నుంచి వదిలేస్తాము. వేసవిలో పేరుకున్న లెక్కలన్నీ శ్రావణానికి దారికి వస్తాయి, క్షారత మరీ పడిపోతే వంటసోడా ఉండనే ఉంది. భయం భూగర్భజలంతో. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక, ఆ పైన ముసురు పట్టాక, మా నేలలో నీరు బాగా పైకి వస్తుంది. అప్పుడు కొలను ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి తొట్టి మొత్తం లేవవచ్చు, లేదా అడుగు పగలవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా వైపు వరద రాలేదు గానీ, కొలను అంచుదాకా నిండింది, కరెంటు లేదు, నీళ్లు టీ రంగుకు తిరిగాయి. అంతా తోడించి కడిగేద్దామని సర్వీసువారు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. బకెట్‌లతో క్లోరిన్ పోసి, కరెంటు వచ్చాక పటిక వేసి మట్టిని అడుగుకు దించి, వాక్యూమ్‌తో నేరుగా బయటికి లాగాము. పటిక పీహెచ్‌ను దించుతుంది కనుక ఆ వారం యాసిడ్ అవసరం రాలేదు.

సంక్రాంతికి, వేసవి సెలవులకు పిల్లలు తలంటు పోసుకున్న ఒంటితోనే దూకుతారు. నువ్వులనూనె, సున్నిపిండి టైల్స్ అంచున జిడ్డు గీతగా నిలుస్తాయి. గట్టు పక్కన షవరు పెట్టించాము, దాని కింద నిలబడనిదే ఎవరూ దిగకూడదని మా అత్తగారు కుర్చీ వేసుకుని కాపలా కాస్తారు. ఆవిడ ముందు పాచి మందు ఎందుకూ కొరగాదు.

భద్రతకు పెట్టిన ఖర్చులో బేరం వద్దు. నాలుగడుగుల కంచె, తనంతట తాను మూసుకునే గేటు, 12 వోల్టుల దీపాలు, మోటారు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఇవన్నీ నీళ్లు నింపకముందే ఉండాలి. యాసిడ్ డబ్బాలు, క్లోరిన్, కరెంటు ప్యానెలు ఒకే గదిలో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో చూశాను. యాసిడ్ ఆవిరికి ప్యానెలులోని ఎంసీబీ స్విచ్చుల మరలు, తీగల కొసలు తుప్పు పట్టి పొడి రాలతాయి, ఆ యాసిడ్ క్లోరిన్ మీద ఒలికితే విషవాయువు పుడుతుంది. మా ఇంట యాసిడ్‌కు గాలి ఆడే వేరే అరుగు కట్టించాము.

ఈ ఏడాది ఫిల్టరులో ఇసుక మార్చే పని ఉంది, నది ఇసుక కాకుండా జల్లించిన సిలికా ఇసుకే పోయిస్తాము. ఇప్పటి మోటారు బేరింగులు మొరాయించిన రోజున వేగం మార్చుకునే రకం కొనాలన్నది ఆలోచన. వేగం సగానికి తగ్గిస్తే నీటి పారుదల సగమే అవుతుంది గానీ, కరెంటు ఖర్చు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు దిగుతుంది, రాత్రంతా నెమ్మదిగా నడుపుకోవచ్చు. అయితే దాని కంట్రోలు బోర్డు మా వీధి వోల్టేజి హెచ్చుతగ్గులకు ఆగుతుందని, చెడితే ఇక్కడే బాగుచేసేవారు ఉన్నారని తేలే దాకా ముప్పాతిక హెచ్‌పీ మోటారునే నడుపుతాము.