జీపీ రోడ్డులో ఫీలర్ గేజ్ కొన్నవాళ్లు ఈరోజే 0.25 రేకు కొలిచి చూసుకోండి

శనివారం సాయంత్రం ఆ కొట్లోంచి బయటికొచ్చినప్పటి నుంచి నాకు కంటి నిండా నిద్ర లేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను, చల్లారడం లేదు. ఇంతలో ఇంకెవరో అదే ఫీలర్ గేజ్, అంటే సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట, కొనుక్కెళ్లి, ఆదివారం పొద్దున్నే ఇంట్లో టాపెట్లు (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు) సెట్ చేసుకుంటారేమోనన్న భయం ఎక్కువైంది. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. రాత కుదురుగా లేకపోతే మన్నించండి.

కొట్టు పేరు రాయను. జీపీ రోడ్డులో పాత హోండా సామాను దొరికే చోటు అంటే చెన్నైలో బండి పిచ్చి ఉన్న మన తెలుగువాళ్లు చాలామందికి అర్థమైపోతుంది. మనలో సగం మంది అక్కడే కొంటాం. ఆయన కూడా మనవాడే, తెలుగులోనే మాట్లాడతాడు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

నాది 2002 సిటీ, 1.5 వీటెక్. 106 హార్స్‌పవర్ బండి, ఇప్పటికీ పైకి లాగుతుంటే ఒళ్లు ఝల్లుమంటుంది. మా మావయ్య దగ్గర తీసుకుని తొమ్మిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నాను. 1,40,000 కిలోమీటర్లు దాటాక పొద్దున స్టార్ట్ చేయగానే టక టకమని టాపెట్ల శబ్దం మొదలైంది. ఈ ఇంజన్‌లో టాపెట్లు వాటంతటవే సర్దుకోవు, స్క్రూ తిప్పి లాక్ నట్ బిగించి చేత్తో సెట్ చేయాలి. బయట చాలాచోట్ల వేడి ఇంజన్ మీదే చెవితో విని బిగించేస్తారు. అది నాకు ఇష్టం లేక, నేనే చేసుకుందామని కూర్చున్నాను. ముందుజాగ్రత్తగా మా మెకానిక్ దగ్గర కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) కూడా చూపించాను. నాలుగు సిలిండర్లూ 175 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉన్నాయి. ఆయన చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ సంగతి మళ్లీ వస్తుంది.

సామాను కొనడానికి వెళ్లాను. టాపెట్ కవర్ గాస్కెట్, ప్లగ్ ట్యూబుల సీళ్లు, ఒక ఫీలర్ గేజ్. గాస్కెట్, సీళ్లు మంచివే, ఇప్పటికీ ఒక్క చుక్క ఆయిల్ కారలేదు, ఆ మాట చెప్పాలి. గేజ్ మాత్రం ఆయన వెనక కొక్కేనికి వేలాడుతున్న వాటిలోంచి తీసి ఇచ్చాడు. మీద జపాన్ కంపెనీ పేరు. "జపాన్ మాల్ తమ్ముడూ, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. 380 రూపాయలు. బిల్లు అడిగితే, "బిల్లంటే జీఎస్టీ పడుతుంది తమ్ముడూ, నేనెక్కడికి పోతాను, నువ్వెక్కడికి పోతావు" అని చిన్న కాగితం మీద మొత్తం 2,650 అని రాసి చేతిలో పెట్టాడు. యూపీఐలో కట్టాను. అంత చదువుకుని, ఆ కాగితం ముక్క జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అప్పటికి కత్తిరి ఎండలు. ఈ పని ఇంజన్ పూర్తిగా చల్లారాకే చేయాలి, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) 38 డిగ్రీల లోపు ఉండాలని హోండా మాన్యువల్‌లో ఉంటుంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం నీడలో పెట్టిన బండే 38 దాటుతుంది. అందుకని రాత్రంతా బండి కదపకుండా ఉంచి, తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టాను. మా బావమరిది టార్చి పట్టుకున్నాడు. కవర్ విప్పి, మొదటి సిలిండర్‌ని టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) తెచ్చి, దాని నాలుగు వాల్వులు సెట్ చేసి, క్రాంక్‌ని గడియారానికి ఎదురు దిశలో సగం చుట్టు తిప్పి మూడోది, తర్వాత నాలుగోది, రెండోది. సందు ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) వాల్వుకి 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వుకి 0.23 నుంచి 0.27. అంటే 0.20 రేకు ఒకటి, 0.25 రేకు ఒకటి, రెండే రేకులతో పదహారు వాల్వుల పని.

ఇక్కడే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఇన్‌టేక్ అయిపోయాక 0.25 రేకు తీసి వాల్వుని నొక్కే రాకర్ ఆర్మ్ కింద పెట్టబోతుంటే, అది వేళ్ల మధ్య మెత్తగా వంగింది. 0.20 కంటే మెత్తగా. మందం ఎక్కువున్న రేకు గట్టిగా ఉండాలి కదా. ఒక్క క్షణం ఆగాను. టార్చి దగ్గరికి పెట్టించి అంకె చూశాను. 0.25 అనే ఉంది. "ఏంటి బావా?" అన్నాడు బావమరిది. "ఏం లేదు, పట్టుకో" అన్నాను. అంకెను నమ్మాను, నా వేళ్లను నమ్మలేదు.

నేను చేసేది అంబత్తూరు ఎస్టేట్‌లో క్వాలిటీ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పనే కొలవడం. మా దగ్గర గేజ్ మీద క్యాలిబ్రేషన్ తేదీ దాటితే దాన్ని ముట్టుకోనివ్వను, నా కింద పనిచేసే కుర్రాళ్లని తిడతాను. అలాంటి నేను నా సొంత బండికి, నాకంత ఇష్టమైన ఇంజన్‌కి, కొలవని రేకు వాడాను. నా టేబుల్ మీదే మందం కొలిచే మైక్రోమీటర్ ఉంది. బ్యాగులో ఆ గేజ్ వేసుకెళ్తే రెండు నిమిషాల పని. చేయలేదు.

పని అయ్యాక స్టార్ట్ చేస్తే ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. టక టక పూర్తిగా పోయింది. ఇద్దరం పొంగిపోయాం. తెలియనివాళ్ల కోసం ఇది గట్టిగా చెబుతున్నాను: టాపెట్ వదులుగా ఉంటే శబ్దం చేస్తుంది, మనకు తెలుస్తుంది. బిగుసుకుపోతే నోరెత్తదు. వాల్వు మూసుకున్నప్పుడే దానికి పట్టిన వేడి సీటు (వాల్వు ఆనుకునే అంచు) గుండా హెడ్‌లోకి దిగుతుంది. టాపెట్ దగ్గర సందు చాలక ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోకపోతే ఆ వేడికి దారి ఉండదు, పైగా సీటు దగ్గర మూసుకోని ఖాళీలోంచి మంట తోసుకొస్తుంది. అంచు కాలిపోతుంది. పైకి మాత్రం ఇంజన్ కొత్తదానిలా నిశ్శబ్దంగా ఉంటుంది.

రెండు నెలలు తిరిగాను. జూలైలో అమ్మను తీసుకుని నెల్లూరు వెళ్తుంటే సూళ్లూరుపేట దాటాక మిస్సింగ్ మొదలైంది. పికప్ లేదు, ఆపితే బండి వణుకుతోంది. అమ్మను బస్సెక్కించి, మెల్లగా వెనక్కి తెచ్చాను. ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్ అన్నీ చూశాక మా మెకానిక్ కంప్రెషన్ పెట్టాడు. మూడో సిలిండర్ 80. ఆ సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తే సైలెన్సర్ గొట్టంలోంచి ఉస్సుమని వినిపిస్తోంది. హెడ్ దించక తప్పలేదు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి అంచు దగ్గర నెలవంకలా తినేసి ఉంది, నా చిటికెన వేలి గోరు అందులో పడుతుంది. మిగతా ఎగ్జాస్ట్ వాల్వుల్లో కూడా మూడు సరిగ్గా కూర్చోవడం లేదు. వాల్వులు, సీళ్లు, హెడ్ గాస్కెట్, లేత్ పని, ఎలాగూ విప్పాం కదా అని టైమింగ్ బెల్టు, కూలీ, అంతా కలిపి 41,000.

"ఎగ్జాస్ట్ ఎంతకు పెట్టావన్నా?" అని మెకానిక్ అడిగాడు. 0.25 అన్నాను. నా మొహంలోకి చూసి, "గేజ్ తీసుకురా" అన్నాడు. అప్పుడు ఆ మెత్తటి రేకు గుర్తొచ్చింది. కడుపులో దేవినట్టయింది.

మర్నాడు ఆఫీసులో కొలిచాను. 0.20 అని ఉన్న రేకు 0.19 వచ్చింది. 0.25 అని ఉన్నది 0.14. రేకుకు మూడు చోట్ల, తుడిచి తుడిచి, రెండు మైక్రోమీటర్లతో చూశాను. 0.14. అంటే ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వులకూ ఉండాల్సిన సందులో సగానికి కాస్త ఎక్కువే పెట్టాను. మూడో సిలిండర్‌ది నేనే ఇంకాస్త బిగుతుగా లాగి ఉండొచ్చు, అంతవరకు నా చేతి తప్పు ఒప్పుకుంటాను. మిగతాది మాత్రం ఆ రేకు మీద కొట్టిన అంకె.

ఇక శనివారం. గేజ్, మైక్రోమీటర్ రీడింగులు, మెకానిక్ రాసిచ్చిన పాత కంప్రెషన్ చీటీ, కాలిన వాల్వు ఒక కవర్లో పెట్టుకుని కొట్టుకు వెళ్లాను. ఒట్టేసి చెబుతున్నాను, 41,000 అడగడానికి వెళ్లలేదు. అడిగినా ఎవరూ ఇవ్వరని తెలుసు. ఆ గేజులు అమ్మడం ఆపమని చెప్పడానికి వెళ్లాను. మనిషి తెలియక అమ్మి ఉంటాడనే అనుకున్నాను.

వాల్వు చూపించగానే "అయ్యయ్యో, ఎంత పని జరిగింది తమ్ముడూ" అన్నాడు. గేజ్ బయటికి తీసి సంగతి చెప్పానో లేదో, మొహం మారిపోయింది. తమ్ముడూ పోయింది.

"ఏమయ్యా, నువ్వు మెకానిక్కువా? ఇంట్లో కూర్చుని ఇంజన్ విప్పమని నేను చెప్పానా?"

విప్పింది నేనే అన్నా, కొలిచింది మీ గేజుతో అన్నాను. కంప్రెషన్ చీటీ ముందు పెట్టాను. ముట్టుకోలేదు. పెద్ద గొంతుతో, పక్క కొట్టువాళ్లు తొంగిచూసేలా, "ఇది మా కొట్లో కొన్నదే అని ఏంటి గ్యారంటీ? బిల్లుందా?" అన్నాడు. ఆయనే రాసిచ్చిన కాగితం తీశాను. "ఇందులో గేజ్ అని ఎక్కడుంది, చూపించు" అన్నాడు. యూపీఐలో కట్టింది చూపించాను. "అది గాస్కెట్‌కి" అన్నాడు. బిల్లు వద్దని నాకు చెప్పిన నోరే అది. అప్పుడు నవ్వుతూ తమ్ముడూ అన్న నోరే అది.

ఆ తర్వాత చేసింది నేను జన్మలో మర్చిపోను. కౌంటర్ మీదున్న నా గేజ్ తీసుకున్నాడు. దానికి అంటిన ఆయిల్‌ని వేస్టు గుడ్డతో తుడిచాడు. కింద డ్రాయర్లోంచి ఒక కొత్త ప్లాస్టిక్ కవర్ తీసి అందులో పెట్టి, పిన్ను కొట్టి, నా కళ్లముందే వెనక కొక్కేనికి తగిలించాడు. మా కొట్టుదే కాదు అన్నదాన్ని. 0.14 అని ఇప్పుడే నేను చెప్పినదాన్ని. మిగతావాటి ముందు, మొదట చేతికొచ్చేలా.

నాకు మాట రాలేదు. ఇంతలో ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక కుర్రాడు వచ్చి తమిళంలో ఫీలర్ గేజ్ ఉందా అని అడిగాడు. ఆయన చెయ్యి చాపి ముందున్నదే తీశాడు. నాదే. "జపాన్ మాల్" అన్నాడు మళ్లీ.

"వేండాం తంబీ" (వద్దు తమ్ముడూ) అన్నాను. నా గొంతు వణికింది. ఆ అబ్బాయి కంగారుగా ఇద్దరి వంకా చూశాడు. ఈయన "బేరం చెడగొడతావా, బయటికి పో" అని కౌంటర్ మీద చెయ్యి కొట్టాడు. నేను 380 రూపాయలు నోట్లు తీసి అక్కడ పెట్టి, ఆ కవర్ లాక్కుని బయటికొచ్చాను. నన్ను ముంచిన వస్తువుని రెండోసారి డబ్బిచ్చి కొన్నాను. వేరే దారి తోచలేదు. కుర్రాడు కూడా ఏమీ కొనకుండా నా వెనకే వచ్చేశాడు. బస్టాపు దాకా నడుస్తూ కాలిన వాల్వు చూపించి అంతా చెప్పాను. వాడిది బైకు. వాడు కూడా ఆదివారమే చేద్దామనుకున్నాడట.

కొక్కేనికి ఇంకా పదకొండు ఉన్నాయి. లెక్కపెట్టాను. అన్నీ అలాగే ఉన్నాయో, నాది ఒక్కటే తేడాగా వచ్చిందో నేను కొలవలేదు కాబట్టి చెప్పలేను. తెలిశాక కూడా తుడిచి అమ్మే మనిషి దగ్గర ఉన్నాయి, అది మాత్రం నా కళ్లతో చూశాను.

గేజ్ ఎక్కడ కొన్నా మైక్రోమీటర్‌తో ఒకసారి కొలిపించండి. లేత్ పని చేసే ఏ చోటైనా ఉంటుంది, మర్యాదగా అడిగితే కొలిచి చెబుతారు. అదీ కుదరకపోతే 0.10, 0.15 రేకులు రెండూ కలిపి పెట్టి, 0.25 దూరిన సందులో అంతే బిగుతుగా దూరుతున్నాయో లేదో చూడండి. బిల్లు మీద వస్తువు పేరు రాయించుకోండి, జీఎస్టీ పడితే పడనివ్వండి. రేకు వేళ్లకు తేడాగా అనిపిస్తే పని ఆపేయండి.

ఈ వేసవి నుంచి అక్కడ గేజ్ కొని ఇప్పటికే టాపెట్లు సెట్ చేసుకున్నవాళ్లు ఉంటే, ఇంజన్ నిశ్శబ్దంగా ఉంది కదా అని ఊరుకోకండి. ముఖ్యంగా హైవే ఎక్కకండి. బండిని రాత్రంతా వదిలేసి, తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు, కొలిచిన గేజుతో ఎగ్జాస్ట్ వాల్వులు మళ్లీ చూసుకోండి. వాల్వు కాలకముందైతే ఖర్చు లేదు, స్క్రూ కాస్త వెనక్కి తిప్పి నట్ బిగిస్తే సరిపోతుంది. అంబత్తూరు వైపు ఉన్నవాళ్లు గేజ్ తెస్తే నేనే కొలిచి పెడతాను. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా సరే, డబ్బులేం వద్దు.