ఆక్సీమీటర్‌తో నాలుగేళ్లు: పై అంకె కంటే కింది అంకె

2021 మే నెలలో విశాఖలో ఒక మందుల షాపు ముందు గంటన్నర నిలబడి కొన్నాను వేలికి పెట్టుకునే ఈ ఆక్సీమీటర్‌ను. రెండువేల ఏడువందలు తీసుకున్నాడు. బిల్లు అడిగితే "కావాలా, వద్దా చెప్పండి" అన్నాడు. అలాంటిదే ఇప్పుడు వెయ్యి లోపు దొరుకుతోంది. బట్టల క్లిప్పు కంటే కాస్త పెద్దది, రెండు సన్న బ్యాటరీలు, ఒకే బటన్. తెర మీద రెండు అంకెలు: పైన ఆక్సిజన్ శాతం, కింద పల్స్. ఆ పక్కనే గుండె కొట్టుకున్నప్పుడల్లా లేచి పడే ఆకుపచ్చ గీత.

అప్పట్లో దీన్ని ఊపిరితిత్తుల మీటర్ అనుకునే కొన్నాం. తీరా వాడుతూ వాడుతూ తెలిసిందేమిటంటే, ఆ పై అంకె ఊపిరితిత్తుల దగ్గర బయల్దేరి, రక్తంలోకెక్కి, గుండె దాటి, సన్న నాళాల్లోంచి వేలి చివరికొచ్చి తేలే లెక్క. దారిలో ఎవరు తేడా చేసినా అంకె మారుతుంది. కొన్నిసార్లు అసలు తేడా జరిగినా మారదు. ఆ రెండో రకంతోనే నేను దెబ్బతిన్నాను. అది తర్వాత చెప్తాను.

ముందు ఇది పనిచేసే తీరు. గోరు వైపు నుంచి ఎర్ర కాంతి, కంటికి కనపడని పరారుణ కాంతి వేలి గుండా పంపుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఎక్కించుకున్న హిమోగ్లోబిన్ ఒకలా, ఖాళీగా ఉన్నది ఇంకోలా కాంతిని పీల్చుకుంటాయి. చర్మం, ఎముక కూడా పీల్చుకుంటాయి కదా, వాటిని ఎలా తీసేస్తుందని నాకు సందేహం ఉండేది. గుండె కొట్టినప్పుడల్లా వేల్లోకి కొత్తగా ఉబికే రక్తం వల్ల వచ్చే మార్పునే లెక్కలోకి తీసుకుంటే మిగతాదంతా దానంతటదే తొలగిపోతుంది. 1974లో ఈ ఉపాయాన్ని లోకానికి చెప్పినవాడు జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి. ఇంటింటికీ ఈ క్లిప్పు చేరుతున్న రోజుల్లోనే, 2020 ఏప్రిల్‌లో ఆయన పోయారు.

అందుకే చెయ్యి చల్లబడి ఉంటే తెర మీద అడ్డగీతలే వస్తాయి. నాళాలు ముడుచుకుపోతే దానికి నాడి అందదు. అరచేతులు రుద్దుకుని పెడితే పలుకుతుంది. గోళ్లకు ముదురు రంగు ఉంటే కూడా పేచీ పెడుతుంది. అప్పుడు నేను వేలిని పక్కకు తిప్పి పెడతాను.

కోవిడ్‌లో నాన్నకు 91 చూపించిన రాత్రి బోర్లా పడుకోబెట్టాం. ఇరవై నిమిషాలకు 95. ఆ ఒక్క రాత్రికే దీని ఖరీదు గిట్టిందనిపించింది. బోర్లా పడుకుంటే వీపు వైపు నొక్కుకుపోయి ఉన్న గాలిగదులు తెరుచుకుంటాయని తర్వాత డాక్టరు చెప్పాడు. రక్తం అటువైపు బాగానే పారుతూ ఉంటుందట, గాలే అందని పరిస్థితి. గాలి, రక్తం ఒకే చోట కలిస్తేనే కదా బేరం కుదిరేది.

నాన్నకు ముప్పై ఏళ్ల సిగరెట్ల ఫలితంగా సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి సరిగా ఆడని జబ్బు ఉంది. మామూలుగానే 92, 93. పెదాలు సున్నాలా చుట్టి, ఈల వేస్తున్నట్టు నెమ్మదిగా గాలి వదిలితే రెండు మూడు నిమిషాల్లో ఒకటి రెండు అంకెలు పెరగడం ఆయనే కళ్లారా చూసుకున్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా చెయ్యని పని, అంకె కనపడేసరికి రోజూ చేస్తున్నాడు. ఇంకో సంగతి కూడా పట్టుకున్నాం. పండగ రోజు పులిహోర, బూరెలు కడుపు నిండా తిన్నాక ఆయన ఆయాసం ఎక్కువయ్యేది. నిండిన పొట్ట, ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరను పైకి నెడుతుంది, ఊపిరితిత్తి కిందికి విచ్చుకోవడానికి చోటుండదు. ఇప్పుడు రోజుకు ఐదుసార్లు కొంచెం కొంచెం తింటున్నాడు.

ఇక నా మీద నేను చేసుకున్న ప్రయోగం. కుర్చీలో కూర్చుని, మీటర్ పెట్టుకుని ఊపిరి బిగబట్టాను. నలభై సెకన్లకు ప్రాణం పోతున్నట్టుంది, తెర మీద మాత్రం 98 కదల్లేదు. వదిలేసి హాయిగా గాలి పీల్చుకుంటుంటే, అప్పుడు తీరిగ్గా 95కి దిగింది! ఊపిరితిత్తుల్లో జరిగింది రక్తం వెంట వేలిదాకా రావడానికి అంత సమయం పడుతుంది. బిగబట్టినప్పుడు ఆ తహతహ ఆక్సిజన్ లేక వచ్చింది కాదని కూడా అప్పుడే అర్థమైంది. పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్‌ను మెదడు అడుగు భాగం పసిగట్టి కొట్టే గంట అది.

దీనికి తిరగబడ్డ కథ మా తమ్ముడిది. ఉద్యోగం పోయిన నెలలో అర్ధరాత్రి లేచి "అన్నయ్యా, ఊపిరాడట్లేదు" అన్నాడు. వేళ్లు తిమ్మిర్లు, మూతి చుట్టూ జివ్వుమంటోందట. పెడితే 99, పల్స్ 124. టెన్షన్‌తో మరీ వేగంగా పీల్చి వదిలి, ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఊదేశాడు. దాంతో రక్తం క్షారం వైపు మొగ్గుతుంది, తిమ్మిర్లు పుడతాయి, మెదడు నాళాలు సన్నబడి తల తిరుగుతుంది. వాడి పక్కన కూర్చుని నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టిస్తే కింది అంకె దిగుతూ వచ్చింది. తొలిసారి వచ్చిన ఆయాసాన్ని మాత్రం ఇంట్లో తేల్చేసుకోకూడదు. మర్నాడు గుండె పరీక్ష కూడా చేయించాం.

2023లో లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లినప్పుడు దీన్ని పట్టుకెళ్లాను. దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. దిగిన సాయంత్రం నాకు 86, మా ఆవిడకు 88. విశాఖలో ఈ అంకె చూస్తే అంబులెన్స్ పిలిచేవాళ్లం, అక్కడ మా హోటల్ కుర్రాడు నవ్వి వేడి నీళ్లు ఇచ్చాడు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, ఒత్తిడే మన సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. ఒళ్లు వేగంగా పీల్చి సర్దుకోబోతుంది, కానీ అలా పీలిస్తే తమ్ముడికి జరిగిందే జరుగుతుంది: రక్తం క్షారమై మెదడు బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసేది మూత్రపిండాలు. బైకార్బనేట్ అనే క్షారాన్ని మూత్రంలోకి వదిలేసి లెక్క సరిచేస్తాయి. రాత్రంతా బాత్రూమ్‌కు తిరుగుతుంటే నేను చలి అనుకున్నాను. మూడో రోజుకు 91. కొండెక్కేవాళ్లకు డాక్టర్లు రాసే డయామాక్స్ మాత్ర మూత్రపిండాల చేత ఈ పనే త్వరగా చేయిస్తుంది.

ఇక దెబ్బతిన్న సంగతి. 2024లో అమ్మ రెండో అంతస్తు మెట్లెక్కి గుమ్మంలోనే కూలబడడం మొదలైంది. ప్రతిసారీ మీటర్ పెట్టేవాణ్ని. 98. "ఆక్సిజన్ బాగానే ఉంది కదమ్మా, వయసు మీద పడింది, అంతే" అని మూడు నెలలు గడిపేశాను. కింద 118 మెరుస్తూనే ఉంది. నేను పట్టించుకోలేదు.

చివరికి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ వంద మిల్లీలీటర్ల రక్తానికి 7.4 గ్రాములు. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఈ యంత్రం బస్సుల్లో సీట్లు ఎంత నిండాయో చెప్తుంది, డిపోలో ఎన్ని బస్సులున్నాయో చెప్పదు. అమ్మ బస్సులన్నీ ఫుల్లే, బస్సులే లేవు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తం కనీసం పదహారు మోయాల్సిన చోట అమ్మది పది కూడా మోయడం లేదు. ఆ లోటు పూడ్చడానికి గుండె ఉన్న బస్సులనే రెండు ట్రిప్పులు తిప్పుతోంది. ఆ 118 అదే.

రక్తం ఎటు పోయిందో ఎండోస్కోపీలో తేలింది. మోకాళ్ల నొప్పికి ఏడాదిగా మింగుతున్న మాత్రలతో పొట్టలో పుండు పడి కొంచెం కొంచెంగా కారుతోంది. మూత్రపిండాలు కొత్త రక్తకణాలు చెయ్యమని ఎముక మజ్జకు కబురు పంపుతూనే ఉంటాయి, వాటి తయారీకి కావలసిన ఇనుమే అక్కడ లేకపోతే అదేం చేస్తుంది! మోకాలి నొప్పి పొట్ట మీదుగా, రక్తం మీదుగా, గుండె మీదుగా తిరిగి ఆయాసమై గుమ్మంలో కూర్చుంది. నేను దాన్ని 98 అనుకున్నాను.

దీనికి తెలియనిది ఇంకొకటి ఉంది. శ్రీకాకుళం వైపు ఊళ్లో ఉండే మా మామ్మది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు వేలికి పెడితే 98. నాది 97. "చూసేవా, నీకంటే నాకే ఒకటెక్కువ" అని దెప్పింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న సీట్లను కూడా ఈ క్లిప్పు ఆక్సిజన్ అనే లెక్కేస్తుంది. అదంతా మామ్మకు ఏం చెప్పను? అప్పటికే వీధిలో అందరికీ చెప్పేసింది.

కొనమంటారా అంటే, ఇంట్లో సీఓపీడీ, గుండె జబ్బు ఉన్నవాళ్లుంటే కొనండి. ఒంట్లో బాగున్నప్పుడు వారం రోజులు ఒకే సమయానికి పెట్టి ఎవరి మామూలు అంకెలు వాళ్లవి రాసి పెట్టుకోండి. నాన్న 92కీ నా 92కీ పోలికే లేదు. పై అంకెను అసలుకంటే ఒక రెండు ఎక్కువో తక్కువో చూపించడం దీనికి సహజం. చర్మం రంగు ముదురుగా ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. ఊరికే గంటగంటకూ పెట్టుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి, మా తమ్ముడికి కనపడకుండా దాచేశాం.

మన్నిక సంగతి చెప్పాలంటే రెండేళ్లకే బ్యాటరీ మూత కొక్కెం విరిగింది, ప్లాస్టర్ వేసి నెట్టుకొస్తున్నాను. అమ్మకు ఇప్పుడు హిమోగ్లోబిన్ 11.8. మెట్లెక్కి వచ్చి, నేను అడక్కుండానే తన వేలికి తనే పెట్టుకుని వంటింట్లోంచి కేకేస్తుంది: "కింద ఎనభై ఎనిమిది!" పైన ఎంతో చెప్పదు.