ఉప్పాడ బంగారం, పెద్దాపురం సొరంగం: ఒక్క రోజులో ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

కాకినాడ చుట్టుపక్కల నిధుల కథలకు కొదవ లేదు. పెద్దాపురం పాండవుల మెట్ట గుహలోంచి రాజమండ్రి గోదావరి గట్టు దాకా సొరంగం ఉందంటారు. కొడవలి కొండకు ధనందిబ్బలనే పేరే ఉంది. ఉప్పాడలో తుఫాను వెలిసిందంటే చాలు, బంగారం ఏరుకోవడానికి జనం ఒడ్డుకు దిగుతారు. ఈ మూడింట్లో బంగారం నిజంగా కంటబడేది ఉప్పాడలోనే. అందుకని సగం రోజు దానికే ఉంచుకోండి.

రైల్లో వచ్చేవాళ్లు సామర్లకోట జంక్షన్‌లో దిగితే పెద్దాపురం పక్కనే, ఆటోలో పోవచ్చు. మెట్టను ఎండ ముదరక ముందే ఎక్కి దిగేయాలి. గుహకు చేత్తో పట్టుకునే టార్చి తీసుకెళ్లండి, ఫోను లైటు చాలదు. గాలాడని సందుల్లోకి పాక్కుంటూ వెళ్లొద్దు. సొరంగం మాటకొస్తే, రాజమండ్రి అక్కడికి నలభై కిలోమీటర్ల పైమాటే. దారంతా చెరువులు, కాలవలు, తడి పొలాలు. అంత పొడుగు సొరంగం తవ్వినా ఊటనీళ్లకు ఎప్పుడో మునిగిపోయేది. కథ కోసం కాదు, కొండ కోసం వెళ్లండి.

తిరుగుదారిలో సామర్లకోట భీమేశ్వరాలయం వదలొద్దు. చాళుక్య భీముడు కట్టించిన పంచారామం ఇది. శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా లేస్తుంది, అభిషేకం పైనే చేస్తారు. మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు కాబట్టి పదకొండు లోపు చేరాలి. కొడవలిలో ఉన్నవి బౌద్ధ స్తూపాల శిథిలాలు, శాతవాహన రాజు చండసాతి నాటి బ్రాహ్మీ శాసనం. చరిత్ర మీద మక్కువ ఉంటే పిఠాపురం నుంచి ఆటో మాట్లాడుకుని వెళ్లాలి. పిల్లలతో వెళ్తే దీన్ని వదిలేయండి.

ఉప్పాడకు కాకినాడ నుంచి బీచ్ రోడ్డే దగ్గర దారి. అలలు దాన్ని పదే పదే కోసేస్తుంటాయి. వాయుగుండం ఉన్న రోజుల్లో మూసేస్తారు, అప్పుడు పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో (జియోట్యూబులు) వేసిన గోడను కూడా సముద్రం చీల్చేసింది. గోదావరి మోసుకొచ్చిన ఇసుక ఒడ్డు వెంట ఉత్తరానికి కదులుతుంది. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ దాన్ని పట్టేసుకుంటుంది. ఉప్పాడకు చేరేది తక్కువ, అలలు లాక్కుపోయేది ఎక్కువ. ఇళ్లూ గుళ్లూ అలాగే సముద్రంలో కలిసిపోయాయి.

బంగారం గుట్టు కూడా అందులోనే ఉంది. మన వాళ్లు ఇంటికి శంకుస్థాపన చేసినా, గుళ్లో విగ్రహం ప్రతిష్ఠించినా అడుగున ఇంత బంగారం వేస్తారు. పునాది కూలితే అది ఇసుకలో పడుతుంది. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత జనం వందలుగా వెతికారు. బంగారం ఇసుక కన్నా ఏడు రెట్లు బరువు. అల వెనక్కు లాగినప్పుడు తేలిక ఇసుక కొట్టుకుపోయి, బరువైనదంతా నల్ల ఇసుకతో కలిసి చారలుగా మిగులుతుంది. వెతికేవాళ్ల చూపు ఆ నల్లచారల మీదే. అల వెనక్కెళ్లగానే వంగి, వేళ్లతోనో దువ్వెనతోనో పైపొర గీరతారు, మళ్లీ అల వచ్చేలోగా లేస్తారు. దొరికేది చిన్న పూసో, నలిగిన రేకు ముక్కో. ఎండిన చోట లోతుగా తవ్వితే ఏమీ రాదు.

చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆటు వేళ వెళ్లాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కు పోతుంది, పోటు కూడా అంతే జోరుగా వస్తుంది. ఆటు వేళ రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము నమ్ముకోవద్దు, ఒడ్డున వలలు సర్దుకునే వాళ్లను అడగండి. కూలిన ఇళ్ల ఇనుప చువ్వలు, గాజు ముక్కలు ఉంటాయి, చెప్పులు విప్పకండి. గోడ రాళ్ల మీద పాచి జారుతుంది, సెల్ఫీల కోసం ఎక్కొద్దు. తుఫాను హెచ్చరిక ఉంటే అసలు వెళ్లొద్దు. ఒకవేళ ఏదైనా దొరికితే జేబులో వేసుకోవడం కుదరదు: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి.

బసకు ఉప్పాడ కన్నా కాకినాడ నయం. భానుగుడి సెంటరు చుట్టుపక్కల లాడ్జిలు, హోటళ్లు అన్ని ధరల్లోనూ ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్లో భోజనానికి వెళ్తే నిలబడాల్సి వస్తుంది, పన్నెండు లోపే వెళ్లడం మేలు. ఉప్పాడలో సాయంత్రం మిగిలితే జాందానీ చీరలు నేసే మగ్గాలు చూడండి. కొనేముందు చీర తిరగేయండి. అసలైనదైతే బుటా (నేతలో వేసిన పువ్వు) రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనక దారాలు వేలాడవు.