ఫోటో తీసేవాళ్లు ముందుగా కొనాల్సిన పుస్తకం: 'ఎగ్జాంపుల్స్'

విశాఖ ద్వారకానగర్‌లో ఒక ఫోటో ల్యాబ్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. పదకొండేళ్లుగా కరిజ్మా షీట్ల (పెళ్లి ఆల్బమ్ పేజీల) మధ్యే బతుకుతున్నాను. ఆదివారం మాత్రం తెల్లవారకముందే కెమెరా సర్దుకుని యారాడకో, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకో వెళ్లిపోతాను. చాలాకాలం నా ఫోటోల్లో ఆకాశం పాలిపోయి, మట్టి చప్పగా వచ్చేది. యూట్యూబ్‌లో ఎవర్ని చూసినా సెట్టింగులే చెబుతారు. బటన్ నొక్కేముందు అక్కడ నిలబడి ఏం ఆలోచించాలో చెప్పింది ఈ పుస్తకమే.

పాత పుస్తకాల దుకాణంలో ఇంజనీరింగ్ గైడ్ల కింద దొరికింది. "నలుపు తెలుపు ఫోటోలు బాబూ, ఎవరూ తీసుకోవట్లేదు, ఐదొందల యాభై ఇవ్వండి" అన్నాడాయన. బేరం కూడా ఆడలేదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ రాసిన 'ఎగ్జాంపుల్స్' 1983లో వచ్చింది. తను తీసిన 40 ఫోటోలు తీసుకుని, ఒక్కోటీ ఎలా పుట్టిందో తనే చెబుతాడు. అమెరికాలోని న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రుడు లేస్తున్న ఫోటో ఉంది కదా, 1941లో తీసింది. కారులో పోతూ చూశాడు. పైన చంద్రుడు, కింద శ్మశానంలో తెల్ల శిలువల మీద ఆఖరి ఎండ. కారాపి, 8x10 అంగుళాల నెగటివ్ పట్టే పెద్ద కెమెరా బిగించాడు. తీరా చూస్తే వెలుగు కొలిచే లైట్ మీటర్ కనపడలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్లని గుర్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలన్నది) దాన్నుంచే కట్టాడు. ఒకటి తీసి, రెండోదాని కోసం ఫిల్మ్ ఉండే హోల్డర్ తిప్పేలోపే శిలువల మీద ఎండ పోయింది. ఆ తర్వాత కథ ఇంకా బాగుంటుంది. నెగటివ్‌లో కింది భాగం పలచగా వచ్చింది. ఏళ్ల తర్వాత దాన్ని రసాయనంతో చిక్కబరిచాడు. మొదటి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు తునకలు కనిపిస్తాయి, తర్వాతి ప్రింట్లలో దాదాపు నల్లగా ఉంటుంది. రోజూ ప్రింట్లు చూసే నాకు ఈ పేజీలు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

ఆయనే 1927లో కాలిఫోర్నియాలో తీసిన హాఫ్ డోమ్ కొండ ఫోటో నా పద్ధతే మార్చేసింది. లెన్స్ ముందు పసుపు ఫిల్టర్‌తో ఒకటి తీశాక, తన మనసులో ఉన్న కొండ ఇది కాదనుకుని, మిగిలిన ఒకే ఒక్క గాజు నెగటివ్ ప్లేటుని ఎర్ర ఫిల్టర్‌తో తీశాడు. ఎర్ర ఫిల్టర్ నీలాన్ని నల్లబరుస్తుంది, ఎరుపుని తేలికపరుస్తుంది. అది చదివాక అక్టోబర్‌లో, రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, ఎర్ర ఫిల్టర్ పెట్టుకుని దిబ్బలకి వెళ్లాను. కెమెరాని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టాను. ఎర్రమట్టి వెన్నెల పడ్డట్టు తెల్లగా, ఆకాశం చీకటిగా వచ్చాయి. వాన నీరు కోసిన చాళ్లన్నీ విడివిడిగా తేలాయి. ఆ ఫోటో మా ఇంట్లో గోడకుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. డెవలపర్ (ఫిల్మ్ కడిగే రసాయనం) పేర్లు, జోన్ నంబర్లు (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు మెట్లు) చాలాచోట్ల వస్తాయి. ఫిల్మ్ వాడనివాళ్లు వాటిని దాటేసినా నష్టం లేదు. ఆయనవే 'ది కెమెరా', 'ది నెగటివ్', 'ది ప్రింట్' అచ్చంగా టెక్నిక్ పుస్తకాలు, వాటితో మొదలుపెట్టొద్దు.

రంగుల్లో కావాలంటే అమెరికాకే చెందిన ఫోటోగ్రాఫర్ ఎలియట్ పోర్టర్ 'ది ప్లేస్ నో వన్ న్యూ' చూడండి. 1963లో వచ్చింది. కొలరాడో నది మీద ఆనకట్ట కట్టడంతో గ్లెన్ కాన్యన్ అనే లోయ మునిగిపోయింది. అది నీళ్లకింద పోకముందు తీసిన ఫోటోలివి. ఆకాశం తక్కువ, అంతా దగ్గరి చూపే: తడి రాయి, లోయ గోడ రంగు పడ్డ నీటి గుంట. ఎం.వి.పి. కాలనీలో ఒక సీనియర్ ఫోటోగ్రాఫర్ గారింట్లో చూసి, మర్నాడు సెలవు పెట్టి మళ్లీ వెళ్లి చూశాను. అప్పట్నుంచీ దిబ్బల్లో వేలాడే జీడిమామిడి వేళ్లు, ఇసుకలో నీటి చారలు వెతుకుతున్నాను.

కొనేటప్పుడు రెండు పేజీల మీద పరుచుకున్న ఫోటోలు తెరిచి చూడండి. చంద్రుడో కొండ కొనో కుట్టు మడతలోకి పోతే ఆ డబ్బు దండగ. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక పెద్ద పుస్తకం నాకు మూల నలిగి వచ్చింది, వెనక్కి తీసుకోలేదు. అందుకే ఇప్పుడు పార్సిల్ విప్పుతూ వీడియో తీస్తాను.

మన ఊళ్లో ఇంకో సంగతి. సముద్రపు గాలి తేమకి ఆర్ట్ పేపర్ (నున్నటి మెరుపు కాగితం) పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పుస్తకాన్ని అట్టపెట్టెలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి, వానాకాలంలో వారానికోసారి ఫ్యాన్ కింద పేజీలన్నీ విప్పండి. చెమట చేత్తో పట్టుకుంటే నల్ల పేజీల మీద వేలి ముద్రలు నిలిచిపోతాయి. నేను ల్యాబ్‌లో వాడే నూలు గ్లౌజులే ఇంట్లోనూ వేసుకుంటాను.