మాగ్నెటిక్ బీడ్స్‌తో నాలుగేళ్లు: కొత్త లాట్ వచ్చిందంటే ముందు పరీక్షించండి

గుంటూరు కొత్తపేటలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రక్తం నుంచి వైరస్ ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు పదార్థం) తీయడానికి నాలుగేళ్లుగా ఒకే కంపెనీ మాగ్నెటిక్ బీడ్స్, అంటే అయస్కాంతానికి అంటుకునే సన్నటి పూసలు, వాడుతున్నాం. అంతకుముందు స్పిన్ కాలమ్స్ (వడపోత పొర ఉన్న చిన్న గొట్టాలు) ఉండేవి. ఒక్కో శాంపిల్‌ని ఎన్నోసార్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. బీడ్స్ వచ్చాక ఆ బాధ తప్పింది.

బీడ్స్ సీసా ఊపితే చిక్కటి డికాక్షన్ రంగు. ట్యూబ్‌ని అయస్కాంతం ర్యాక్‌లో పెడితే ఆ రంగంతా ఒక పక్కకు చేరి ఈనెపుల్లంత చార కడుతుంది, మిగతాది మంచినీళ్లలా తేరుకుంటుంది. మంచి లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) అయితే నిమిషం పట్టదు. ఒక్కో పూసలో పది నానోమీటర్ల సైజులో మాగ్నెటైట్ (ఒక ఐరన్ ఆక్సైడ్) కణాలు బోలెడు ఉంటాయి. అంత చిన్నవి కాబట్టే అయస్కాంతం తీసెయ్యగానే వాటి ఆకర్షణ పోయి, పూసలు మళ్లీ విడివిడిగా కలిసిపోతాయి. పైన సిలికా పూత. గ్వానిడిన్ ఉప్పు, ఆల్కహాల్ ఉంటే ఆర్‌ఎన్‌ఏ దానికి పట్టుకుంటుంది, ఉప్పు లేని నీళ్లు పోస్తే వదిలేస్తుంది.

మూడో ఏడాది ఎండాకాలంలో వచ్చిన లాట్ మాకు చుక్కలు చూపించింది. మూడు నిమిషాలైనా ద్రవం తేరుకోలేదు, చివర్లో తీసిన ఆర్‌ఎన్‌ఏలో కూడా గోధుమరంగు జీర. పరీక్ష సరిగా నడిచిందో లేదో చూడ్డానికి ప్రతి శాంపిల్‌లో కలిపే ఇంటర్నల్ కంట్రోల్, పీసీఆర్ మెషిన్‌లో ఎన్నో సైకిల్‌కి కనబడిందో చెప్పే అంకె సీటీ; ఎప్పుడూ 27 దగ్గర వచ్చే అది 30కి జారింది. సైకిల్‌కి రెట్టింపవుతుంది కాబట్టి, మూడు సైకిళ్లు ఆలస్యమంటే చేతికొచ్చింది ఎనిమిదో వంతే అన్నమాట. హెపటైటిస్ సి వైరల్ లోడ్ కోసం పల్నాడు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన ఒక పెద్దాయనకు "రిపోర్టు రేపొస్తుంది బాబాయ్" అని చెప్పడానికి నోరు రాలేదు. అడుగున మిగిలిన పాత లాట్‌తో మళ్లీ చేసి ఇచ్చాం. కంపెనీ మూడు వారాలకు సీసాలు మార్చింది కానీ ఏం జరిగిందో చెప్పలేదు. అది నాకు నచ్చలేదు.

కారణం నాకు తెలియదు గానీ, ఎమ్మెస్సీలో ఈ మాగ్నెటైట్ కణాలే తయారుచేస్తూ నేను చేసిన ప్రాజెక్టు గుర్తొచ్చింది. ఫెర్రిక్, ఫెర్రస్ అనే రెండు రకాల ఇనుప లవణాలు 2:1 పాళ్లలో కలిపి, నైట్రోజన్ వదులుతూ అమ్మోనియా పోస్తే ద్రావణం కళ్లముందే సిరాలా నల్లబడేది. 250 మిల్లీలీటర్ల బీకరులో స్టిర్రర్ అంతటా అందుతుంది. అదే పెద్ద ట్యాంకులో అయితే అమ్మోనియా పడ్డచోట కణాలు ముందే పుట్టేస్తాయి, మిగతాచోట ఆలస్యం, దాంతో సైజులు తేడా. గాలి చొరబడితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోయి పాళ్లే మారిపోతాయి. 2004లో కొరియా శాస్త్రవేత్తలు ఐరన్ ఓలియేట్‌ని (ఇనుము, నూనె ఆమ్లం కలిసిన పదార్థం) బాగా వేడిచేసి, ఒకే సైజు కణాలు ఒక్క విడతలో 40 గ్రాములు తీశారు. కానీ వాటి మీద నూనె పూత ఉంటుంది, నీళ్లలో కలవాలంటే అది మార్చాలి. ఏ దారిలో వెళ్లినా ప్రతి లాట్ ఒకేలా రావడమే అసలు కష్టం.

మళ్లీ కొంటారా అంటే, కొంటాం. పొరపాటున కూడా ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే పూసలు ముద్దలైపోతాయి. వాడే ముందు వోర్టెక్స్ మెషిన్ మీద పెట్టి బాగా కుదిపి కలపండి. మే నెల గుంటూరు ఎండలో కొరియర్ బండిలో ఎన్నాళ్లుందో అడిగి తెలుసుకోండి. కంపెనీలు ప్రతి లాట్‌తో పాటు కణాల సైజు రిపోర్టు జతచేయాలని నా గట్టి కోరిక.

మొన్న సోమవారం కొత్త లాట్ దిగింది. దాచుకున్న పాత శాంపిల్‌తో మూడు ట్యూబులు పెట్టాను, సీటీలు: 27.1, 27.3, 27.0. అప్పుడే సీసా మీద సంతకం చేసి ఫ్రిజ్‌లో పెట్టాను.